ఇంట్లో ఎవరెవరుంటారు?



నా వయసు 36 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. పుట్టింది పుంగనూరులో, డిగ్రీ చదివింది మదనపల్లెలో, ఎం.ఏ. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలో. ఎనిమిదేళ్ళు బెంగళూరుకు రైల్లో పోయి వస్తూ ఉద్యోగం చేశాను. ఇప్పుడు మదనపల్లెలో ఒక టమోటా మండీలో లెక్కలు రాస్తున్నాను. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నాను. మన వైపు బస్సెక్కితే పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ ఊరి పొలిమేర దాటేలోపు ఇవే అడిగి తెలుసుకుంటుంది. ఆఖరున నా మెడ వైపు ఒకసారి చూసి, "ఎందుకు చేసుకోలేదమ్మా?" అంటుంది. దయతోనే అడుగుతుంది. ఇన్నేళ్ళూ "ఏదీ కుదరలేదు" అని ముక్తసరిగా చెప్పి కిటికీ వైపు తిరిగేదాన్ని. ఈ రోజు పూర్తి జవాబు చెప్పాలని ఇక్కడికొచ్చాను.

2021 జూన్‌లో, కరోనా రెండో విడత తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, మదనపల్లెలో బాడుగ ఇల్లు వెతుక్కున్నాను. సొసైటీ కాలనీ, ప్రశాంత్ నగర్, ఆ చుట్టుపక్కల వీధులు అన్నీ తిరిగాను. టులెట్ బోర్డు కనబడిన చోటల్లా తలుపు తట్టాను. ఇల్లు చూపించేవాళ్ళు, నీళ్ళ సంగతి చెప్పేవాళ్ళు, అడ్వాన్సు ఎంతో చెప్పేవాళ్ళు. అప్పుడు ఆ ప్రశ్న వచ్చేది. "ఇంట్లో ఎవరెవరుంటారు?" నేనే ఉంటానండీ అంటే, "నువ్వు సరేనమ్మా, ఇంకా ఎవరెవరు?" నేనొక్కదాన్నే అంటే మాట మారిపోయేది. మొన్ననే ఎవరో అడిగిపోయారని, ఫ్యామిలీకే ఇవ్వాలనుకుంటున్నామని అనేవాళ్ళు. పదకొండు ఇళ్ళు అలా తిరిగాను. పన్నెండో ఇల్లు నీరుగట్టువారిపల్లెలో, పట్టుచీరలు నేసే వీధిలో. ఇంటావిడ భర్త పోయిన మనిషి. ఆమె ఒక్కటే అడిగింది. "మగ్గం సద్దుంటాది పాపా, నిద్ర పడుతుందా?" అప్పటినుంచి ఆ ఇంట్లోనే ఉన్నాను. నిద్ర బాగానే పడుతోంది.

ఆ పదకొండు ఇళ్ళవాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళ ప్రశ్న మాత్రం చాలా రోజులు వదలలేదు. ఇంట్లో నేనుంటాను అన్నది ఎందుకు పూర్తి జవాబు కాలేదు? నేను ఉంటున్నాను గదా! ఒక మనిషి బతుకు పెళ్ళిదాకా ముసాయిదా, ఆ తర్వాతే అసలు ప్రతి అన్నట్టు ఎందుకు చూస్తాం? అలా చూడడం నేను కూడా నేర్చుకున్నాను. నా ఇరవైలన్నీ ఆ చూపుతోనే గడిపాను. కుప్పం గదిలో మంచి మంచం కొనుక్కోలేదు, ఎలాగూ పెళ్ళవుతుంది గదా అని. పుస్తకాల అలమర కొనుక్కోలేదు. స్కూటీ నేర్చుకోలేదు.

ఇలాంటి ఇంకో మనిషి గురించి చెప్పాలి. మా అమ్మకు పెద్దమ్మ కూతురు, నాకు పెద్దమ్మ. పెళ్ళి చేసుకోలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. 1912లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి మొదలుపెట్టిన క్షయ ఆసుపత్రి అది. అక్కడి పొడిగాలి ఊపిరితిత్తులకు మంచిదని, ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. దేశంలో బి.సి.జి. టీకాలు 1948లో మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. మన ఊళ్ళలో పెళ్ళి కాని ఆడమనిషి సొంత జీతంతో తలెత్తుకుని బతికిన చోట్లు ఆ కాలంలో చాలా తక్కువ. ఒకటి బడి, ఇంకొకటి ఆసుపత్రి. మా పెద్దమ్మ ఇరవయ్యేళ్ళప్పుడు అక్కడ చేరి, 2005 దాకా చేసింది.

ఆమె జీతంతోనే పుంగనూరులో తమ్ముడి ఇంటికి మిద్దె లేచింది. తమ్ముడి పిల్లల ఫీజులు ఆమె కట్టింది. ఆ పిల్లల పెళ్ళిళ్ళలో మాత్రం పందిట్లో పేరంటాళ్ళను పిలిచేటప్పుడు ఆమెను పిలిచేవాళ్ళు కాదు. ముత్తైదువ కాదు గదా. ఆమె తనంతట తానే వెనక వంటల దగ్గరికి వెళ్ళి, ఆకులు లెక్కపెడుతూ కూర్చునేది. చిన్నప్పుడు నేను ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆమె ఎందుకు ముందుకు రాదో నాకప్పుడు తెలియదు. వంటవాళ్ళ దగ్గర ముందుగా లడ్డు దొరుకుతుందని మాత్రం తెలుసు.

ఆమె పోయింది 2016లో. అంతకు రెండేళ్ళ ముందు ఒక మధ్యాహ్నం, నా పెళ్ళి గురించి ఇంట్లో వాదన జరిగి నేను ఏడుస్తుంటే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "నాకు పెండ్లి కాలేదని ఏడ్చినోళ్ళు శానామంది పాపా. నాకంటూ ఇల్లు లేదని ఎవురూ ఏడవలా."

ఆ మాట విన్న రోజు నాకు తెలియని సంగతి ఒకటుంది. తర్వాత తెలిసింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్ళి కాకుండా ఉన్న ఆడబిడ్డకు, పంపకాలు జరగని ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చిన చట్టం అది. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడబిడ్డలు కేంద్ర చట్టం కోసం 2005 సెప్టెంబరు 9 దాకా ఆగాల్సి వచ్చింది. మా పెద్దమ్మకు 1985లో 38 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. తాత స్థలం పంపకాలు జరగలేదు. పెళ్ళి కాకపోవడం వల్ల చట్టం ముందు ఆమెకు ఒక హక్కు దొరికింది, అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా అడిగేది కాదేమో. దాదాపు నలభై ఏళ్ళు ఇతరుల జ్వరం చూసిన చేయి అది. తన కోసం ఆ చేయి చాచడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

నాకూ నేర్పలేదు. నాకు నేర్పిన మాట ఒకటే. "మీ ఇష్టం."

పెళ్ళిచూపుల్లో ఆ మాట ఎంత పనికొస్తుందో ఆడపిల్లలందరికీ తెలుసు. 2012కూ 2020కీ మధ్య మా ఇంట్లో పద్నాలుగు సార్లు పెళ్ళిచూపులు జరిగాయి. మిక్చరు, జాంగ్రీ, కాఫీ. పెద్దలు జాతకాలు మాట్లాడుకుంటుంటే మమ్మల్నిద్దర్నీ పది నిమిషాలు మిద్దెమీదికి పంపేవాళ్ళు. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఒక పెద్దమనిషి కొడుకు అడుగుతాడు, "పెళ్ళయ్యాక ఉద్యోగం చేస్తారా?" మీ ఇష్టం. "మా అమ్మానాన్నలతో కలిసి ఉండాలి." మీ ఇష్టం. "హైదరాబాదుకు మారాల్సి రావచ్చు." మీ ఇష్టమండీ. పాపం, ఆ అబ్బాయిలు కూడా ఎవరో రాసిచ్చిన ప్రశ్నలే అడిగేవాళ్ళు. కిందికి దిగేసరికి రెండు కుటుంబాలూ మా మొహాలు చూసేవి, బేరం తెగిందా లేదా అన్నట్టు. అందులో ఆరుగురు నన్ను వద్దన్నారు, కొన్నిచోట్ల కట్నం కుదరలేదు, కొన్నిచోట్ల జాతకం. మొహమాటానికో, ఏం చెప్పాలో తెలియకో, నేను మాత్రం ఒక్కరిని కూడా కాదనలేదు. పద్నాలుగు మంది మనుషుల్లో ఒక్కరి గురించి కూడా నాకు తెలిసింది ఏమీ లేదు. వాళ్ళకు నా గురించీ అంతే.

ఈ పెళ్ళిచూపులు జరుగుతున్న రోజుల్లోనే, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా, నా జీవితంలోకి ఒక మనిషి వచ్చాడు.

అప్పుడు కుప్పంలో గది తీసుకుని ఉండేదాన్ని. వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూసే పని. తెల్లవారకముందే స్టేషన్‌కు పోతే, గుడుపల్లె, బిసానత్తం, కామసముద్రం దాటి బంగారుపేటలో పెట్టెలు నిండిపోయేవి. కుప్పం ప్లాట్‌ఫాం మీద తెలుగు, తమిళం, కన్నడం ఒకే నోట్లోంచి వస్తాయి. సీజన్ పాసు వాళ్ళం రోజూ అవే సీట్లలో కూర్చునేవాళ్ళం. ఒకరు ఇడ్లీలు తెస్తే ఇంకొకరు చెనక్కాయల ఊరుబిండి తెచ్చేవాళ్ళు. అతను బంగారుపేటలో ఎక్కేవాడు. కోలారు జిల్లా తెలుగు, కన్నడం కలిసిన తెలుగు. మొదట నాలుగు నెలలు "మీరు" అన్నాడు. ఒకరోజు మాలూరు దాటాక, నిద్రమత్తులో, "నువ్వు తిన్నావా?" అన్నాడు. ఆ "నువ్వు" నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

నేను చదివింది భాషాశాస్త్రం. కాబట్టి ఒక సంగతి గమనించాను. డేటింగ్ అనే ఇంగ్లీషు మాట మన ఊళ్ళలో వాడుకలోకి వచ్చేసింది, దానికి మన మాట లేదు. "ప్రేమించుకుంటున్నారు" అనొచ్చు, అది పెద్ద మాట, అందులో అప్పుడే నిర్ణయం జరిగిపోయింది. "తిరుగుతున్నారంట" అనొచ్చు, అది నింద. ఆ రెంటికీ నడుమ, ఇద్దరు మనుషులు ఒకరినొకరు మెల్లగా తెలుసుకుంటున్నారు, ఏమవుతుందో ఇంకా తెలియదు అని చెప్పాలంటే తెలుగులో ఏమనాలి? మాట లేదు. మాట లేని పనిని దాచుకోవాల్సి వస్తుంది. మేం దాచుకున్నాం. దాచుకున్నది ఎప్పుడూ పక్కవాళ్ళతో మాట్లాడి సరిచూసుకోలేం. నా స్నేహితురాళ్ళకైనా చెప్పి ఉంటే, వాళ్ళలో ఎవరో ఒకరు నన్ను కుదిపి అడిగి ఉండేవాళ్ళు, "నీకేం కావాలే?" అని.

ఆ ప్రశ్న అతనే అడిగాడు. 2018 వేసవిలో ఒక ఆదివారం, కబ్బన్ పార్కులో. "నీకేం కావాలి? పిల్లలు కావాలా? ఏ ఊళ్ళో ఉండాలని ఉంది? మీ అమ్మను ఎవరు చూసుకుంటారు?" మంచి ప్రశ్నలు. పద్నాలుగు పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగని ప్రశ్నలు. నేను ఏమన్నానో ఊహించే ఉంటారు. మీ ఇష్టం అన్నాను. అతను నవ్వలేదు. కాసేపు చెట్ల వైపు చూశాడు.

మా కులాలు వేరు. ఆ ఏడాది మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో తీర్పిచ్చింది. వయసొచ్చిన ఇద్దరు ఒకరినొకరు ఎంచుకుంటే దానికి కుటుంబం అనుమతిగానీ, కులపెద్దల అనుమతిగానీ అవసరం లేదని చెప్పింది. సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకుని, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రికి తీసుకొచ్చిన ప్రణయ్‌ను ఆమె కళ్ళెదుటే నరికి చంపారు. ఆ వార్త రైల్లో అందరి ఫోన్లలోనూ చూశాం. తీర్పు గురించి పెట్టెలో ఎవరూ మాట్లాడుకోలేదు, హత్య గురించి అందరూ మాట్లాడుకున్నారు. మేమిద్దరం మాత్రం ఆ రోజు బెంగళూరు దాకా నోరు విప్పలేదు. ఆ కేసులో శిక్షలు పడింది 2025 మార్చిలో. ఆరున్నరేళ్ళు పట్టింది.

2019 జనవరిలో అతనికి పుణేకు బదిలీ అయింది. "మా ఇంట్లో అడగమంటావా?" అన్నాడు. మీ ఇష్టం అన్నాను. అతను అడగలేదు. మాది కులం విడదీసిన కథ అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం చెప్పుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఏడాదిన్నర పరిచయంలో నేను అతనికి నాదైన ఒక్క మాట చెప్పలేదు. భయం ఇద్దరికీ ఉంది. ఆ భయం ముందు నిలబడాలంటే, దేనికోసం నిలబడుతున్నామో తెలియాలి. అతనికి నేనెవరో తెలిస్తే గదా నాకోసం నిలబడడానికి! నేనెవరో నాకూ తెలియదు.

2020 మార్చి 22న రైళ్ళు ఆగిపోయాయి. పుంగనూరుకు వచ్చేశాను. ఆ ఏడాది చివర్లో ఉద్యోగం పోయింది. పి.ఎఫ్. కాగితాలు సర్దుకుంటుంటే, ఎనిమిదేళ్ళ కిందట నేను నింపిన నామినేషన్ ఫారం కనబడింది. ఆ కంపెనీలో కొన్ని వందల మందికి ఆ ఫారం నేనే నింపించాను. పెళ్ళయితే పాత నామినేషన్ చెల్లదు, కొత్తది రాయాలి అని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. నా ఫారంలో అమ్మ పేరు ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని, మధ్యాహ్నం ఎండలో వాకిట్లో కూర్చుండిపోయాను. ఈ కాగితం ఒక్కటే నన్ను సూటిగా అడిగింది, నీ కష్టార్జితం ఎవరికి చెందాలని నీకుంది అని. దానికి నేను "మీ ఇష్టం" అని రాయలేదు. అమ్మ పేరు రాశాను. అంటే నాకొక ఇష్టం ఉంది. ఆ రోజు దాన్ని పట్టుకుని వెనక్కి వెతకడం మొదలుపెట్టాను. నాకు అమ్మతో కలిసి ఉండాలని ఉంది. మన ఎండలోనే, మన గుట్టల మధ్యే ఉండాలని ఉంది. పని మానాలని లేదు. పిల్లల గురించి నిజంగా తెలియదు, తెలియదని చెప్పడమే నిజం. ఇవి చెప్పుకునేసరికి నాకు 31 ఏళ్ళు వచ్చాయి.

తర్వాతి చదువు నాకు టమోటా మండీలో దొరికింది.

నీరుగట్టువారిపల్లె మార్కెట్ యార్డు గురించి ఈ ప్రాంతం శ్రోతలకు నేను చెప్పేదేముంది. గుర్రంకొండ, కలికిరి, ములకలచెరువు, బి.కొత్తకోట, నిమ్మనపల్లె, రామసముద్రం వైపు నుంచి తెల్లారేసరికి బాక్సులు దిగుతాయి. వేలం పాట మొదలైతే ఒక్కొక్క రాశి దగ్గర నిమిషమైనా ఆగరు. రకం ఏదో, బాక్సులెన్నో, ధర ఎంతో చీటీ మీద పడాలి. నేను రాసిన అంకె తప్పయితే ఒక కుటుంబం మూడు నెలల కాయకష్టం తప్పవుతుంది. 2023 జులై ఆఖరులో మొదటి రకం కిలో 200 రూపాయల దాకా పోయింది. 25 కిలోల బాక్సు 5,000 రూపాయలన్నమాట. ఆ రోజుల్లో ఒక ఉదయం ఒక కొనుగోలుదారు 40 బాక్సులు ఎక్కించుకుని 36 అన్నాడు. రైతు ముసలాయన, గొంతు పెగల్లేదు. అందరూ నా వైపు చూశారు. "కాదు, నలభై. నేను లెక్కపెట్టినాను" అన్నాను. నా గొంతు అంత పెద్దగా వస్తుందని నాకు తెలియదు. మళ్ళీ దించి లెక్కపెడితే నలభయ్యే ఉన్నాయి. ఆ నాలుగు బాక్సులు 20,000 రూపాయలు. సెప్టెంబరుకల్లా అదే కాయ కిలో పది రూపాయల చుట్టుపక్కలకు పడిపోయింది, అది వేరే కన్నీళ్ళు. కానీ ఆ "కాదు" నాకు మిగిలింది. అది ఒకసారి నోట్లోంచి వచ్చాక రెండోసారి అంత కష్టం కాదు.

పెళ్ళి కాని బాధ ఆడవాళ్ళదే అనుకునేదాన్ని. మండీకి వచ్చాక మగవాళ్ళ బాధ చూశాను. ములకలచెరువు వైపు రైతు ఒకాయన, 38 ఏళ్ళు, ఆరెకరాల సేద్యం, రెండు బోర్లు. బాక్సులు దించి చీటీ కోసం నిలబడి అన్నాడు. "ఇరవైమూడు సంబంధాలు పోయినాయి మేడం. నన్ను చూసి ఎవురూ వద్దనలేదు. సేద్యాన్ని చూసి వద్దన్నారు." పక్క కర్ణాటకలో, మండ్య జిల్లా నుంచి 2023 ఫిబ్రవరిలో పెళ్ళికాని యువకులు, ఎక్కువమంది రైతులు, పెళ్ళి కావాలని మొక్కుకుంటూ మలె మహదేశ్వర కొండకు పాదయాత్ర చేశారు. ఆ వార్త చదివి కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రైతునూ ఎవరూ చూడలేదు, నన్నూ ఎవరూ చూడలేదు. ఆయన భూమిని చూశారు, నా జాతకాన్ని చూశారు. ఆయన, నేను ఇప్పుడు మంచి స్నేహితులం. అంతకుమించి మా మధ్య ఇంకేమీ లేదని కూడా చెప్పాలి. చెప్పకపోతే మన ఊళ్ళో మాట ఎలా పోతుందో మీకు తెలుసు.

మదనపల్లెలో ఉంటూ జిడ్డు కృష్ణమూర్తిని తలచుకోకుండా ఉండలేం. 1895 మే నెలలో ఈ ఊళ్ళోనే పుట్టారు. తల్లి ఆయనకు పదేళ్ళప్పుడు పోయింది. జగద్గురువు కాబోతున్నాడని తనకోసం కట్టిన పెద్ద సంస్థను 1929లో తానే రద్దు చేశారు. ఆయన చెప్పినదాంట్లో నాకు అందింది కొంచెమే. మనల్ని మనం తెలుసుకోవడం ఒంటరిగా గదిలో కూర్చుంటే జరగదు, ఇంకొక మనిషితో ఉన్న సంబంధమే అద్దం అన్నది ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పిన సంగతి. ఆయన పెళ్ళి చేసుకోలేదు. కానీ ఆయన జీవితంలో ఒక స్త్రీతో బయటికి తెలియని దీర్ఘకాలపు సంబంధం ఉండేదని, 1991లో ఆమె కూతురు రాధా రాజగోపాల్ స్లాస్ పుస్తకం రాసింది. అది చదివి ఆయన మీద గౌరవం తగ్గినవాళ్ళున్నారు. నాకు బాధేసింది. అద్దం గురించి అంతగా చెప్పిన మనిషి కూడా, పెళ్ళి కాని సంబంధాన్ని నలుగురిలో పెట్టుకోలేకపోయాడే అని.

అదే ఊళ్ళో ఇంకొక జంట ఉండేది. బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలు. భార్య మార్గరెట్. 1919 ఫిబ్రవరిలో ఠాగూరు వాళ్ళ దగ్గరికి వచ్చి ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి రాశారు, మార్గరెట్ దాని బాణీని స్వరాల్లో పెట్టింది. ఇది మదనపల్లె పిల్లలందరికీ తెలుసు. తెలియాల్సింది ఇంకొకటుంది. 1917లో భారత మహిళా సంఘాన్ని ప్రారంభించినవాళ్ళలో ఆమె ఒకతె. ఆ ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో మహిళలు బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఓటుహక్కు అడిగిన ప్రయత్నం వెనక ఆమె చేయి ఉంది. ఆ భార్యాభర్తలు తమ జీవితకథను ఇద్దరూ కలిసి ఒకే పుస్తకంగా రాశారు. 1950లో అచ్చయింది. పేరు "వి టూ టుగెదర్". మేమిద్దరం కలిసి అని. ఎవరి మాట వాళ్ళకుంది, పుస్తకం మాత్రం ఒకటి. పెళ్ళంటే నాకిప్పుడు ఆ పుస్తకం గుర్తొస్తుంది. నా భాగం నేను రాయగలిగితేనే అటువంటి పుస్తకం సాధ్యం.

పోయిన సంవత్సరం పెళ్ళిసంబంధాల వెబ్‌సైటులో నా వివరాలు మొదటిసారి నేనే రాశాను. అంతకుముందు మా అన్న రాసేవాడు. "ఇంటిపనులు తెలిసిన, అణకువ గల" అన్న ముక్క తీసేసి, పెళ్ళయ్యాక మా అమ్మ నాతోనే ఉండాలి, మదనపల్లె వదలను, పని మానను అని రాశాను. ఫోన్లు తగ్గిపోయాయి. తగ్గాక ఒకటి వచ్చింది. పలమనేరు వైపు టీచరు, విడాకులు తీసుకున్న మనిషి. అయిదుసార్లు కలిశాం, పట్టపగలు, పుంగనూరు బస్టాండు దగ్గర హోటల్లో. మొదటిరోజే నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవని చెప్పాను. అతనూ తన మొదటి పెళ్ళి ఎక్కడ చెడిందో, అందులో తన తప్పెంతో చెప్పాడు. అయిదోసారి ఇద్దరికీ అర్థమైంది, ఇది కుదిరేది కాదని. అతనికి వెంటనే పిల్లలు కావాలి. నాకు తెలియదు. కాఫీ తాగి, మంచిగా మాట్లాడుకుని, ఎవరి బస్సు వాళ్ళం ఎక్కాం. బస్సులో నాకు ఏడుపు రాలేదు. ఒక మనిషిని నిజంగా చూశాను, ఆయన నన్ను చూశాడు. అది పద్నాలుగు పెళ్ళిచూపుల్లో జరగలేదు.

అమ్మకు చెబితే, ఆమె తల పట్టుకుంది. "అయిదుసార్లు కలిసి వద్దనుకుంటే ఆడబిడ్డకు పేరేమవుతాదే?" అమ్మ భయం నాకర్థమైంది. ఆ భయం ఆమెది కాదు, మన వీధులది. పది నిమిషాల్లో ఔనంటే మర్యాద, అయిదు వారాల్లో కాదంటే అప్రతిష్ఠ అని లెక్క వేసింది మనమే. ఆ లెక్క తప్పు. లెక్కలు రాసే మనిషిగా చెబుతున్నాను, ఆ లెక్క వల్ల ఎంతమంది ఆడవాళ్ళు, మగవాళ్ళు తెలియని మనుషులతో కాపురాలు ఈడుస్తున్నారో, ఎంతమంది మా పెద్దమ్మలాగా తమకేం కావాలో ఎవరూ అడక్కుండానే పోతున్నారో చూడండి.

బస్సులో అడిగిన పెద్దావిడకు నా జవాబు ఇది. ఎందుకు చేసుకోలేదంటే, నన్ను నేను తెలుసుకోకముందే అడిగారు, తెలుసుకునేందుకు చోటివ్వకుండా అడిగారు. ఇప్పుడు చేసుకుంటానేమో, చేసుకోనేమో. మంచం కొనుక్కున్నాను. స్కూటీ నేర్చుకున్నాను.

ఈ ఆదివారం మీ ఇంటికి ఎవరైనా సంబంధం చూడడానికి వస్తుంటే, నాదొక మనవి. పిల్లలిద్దర్నీ మిద్దెమీదికి పది నిమిషాలకు పంపకండి. కింద, హాల్లో, తలుపులు తీసిపెట్టి, రెండు గంటలు మాట్లాడుకోనివ్వండి. ఫోన్ నంబర్లు తీసుకోనివ్వండి. మళ్ళీ కలుసుకుంటామంటే సరేననండి. మూడు నెలల దాకా ఏమైందని అడగకండి. ఆ తర్వాత వద్దనుకున్నామని చెబితే, ఎవరిలో లోపమని వెతకకండి. మీ ఇంట్లో గది ఖాళీ ఉండి, ఒంటరి మనిషి వచ్చి తలుపు తడితే, ఇంట్లో ఎవరెవరుంటారని ఒక్కసారే అడగండి. "నేనుంటాను" అంటే తాళం చేతికివ్వండి.